సున్నిపిండి నుంచి నిమ్మరసం దాకా: వంటింటి సరుకులో ముఖానికి ఏది పట్టొచ్చు, ఏది పట్టకూడదు

వంటింట్లో చర్మానికి మేలు చేసే సరుకు ఉంది. చర్మాన్ని కమిలిపోయేలా చేసే సరుకూ దాని పక్క డబ్బాలోనే ఉంది. "ఇంట్లోదే కదా, ఏమవుతుంది" అని రెండింటినీ ఒకే గిన్నెలో కలిపేయడం వల్లే చాలామందికి ముఖం మీద మచ్చలు మిగులుతున్నాయి. శనగపిండిలో నిమ్మరసం పిండుకోవడం అలాంటిదే. పిండి జిడ్డు తీస్తుంది, ఆ రసం చర్మాన్ని మండిస్తుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇక్కడ రాసిన వాటిలో ఏదీ చర్మం రంగును తెల్లగా మార్చదు. అలా మారుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎండకు నల్లబడిన చర్మం ఎండ తగలడం తగ్గితే కొన్ని వారాల్లో దానంతటదే మామూలు రంగుకు వస్తుంది, ఎందుకంటే పై పొర సుమారు నెలకోసారి రాలి కొత్తది వస్తుంది. ఆ నెలలో ఏ పూత వేసుకుంటే దానికి పేరొస్తుంది. వంటింటి సరుకు నిజంగా చేయగలిగినవి మూడే: జిడ్డు తీయడం, తేమ నిలపడం, దురద తగ్గించడం. ఈ మూడూ చిన్న పనులేమీ కావు.

జిడ్డు తీయడంలో సున్నిపిండిని మించింది మన ఇళ్లలో లేదు. సబ్బుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 9 నుంచి 10 దాకా ఉంటుంది. మన చర్మం పీహెచ్ 5 దగ్గర, అంటే కొంచెం పులుపు వైపు ఉంటుంది. అందుకే సబ్బు రుద్దాక చర్మం బిర్రుగా లాగుతుంది. పప్పుల పిండి అలా చేయదు. అందులోని పిండిపదార్థం, మాంసకృత్తులు పైనున్న నూనెను పీల్చుకుని నీళ్లతో పాటు జారిపోతాయి. నూనె పట్టించి, నలుగు పెట్టి, స్నానం చేయించే మన అభ్యంగన స్నానం వరుస చాలా తెలివైన వరుస. నూనె మురికిని వదులు చేస్తుంది, పిండి ఆ నూనెలో ఎక్కువైనదాన్ని తీసేస్తుంది, కొంచెం నూనె మాత్రం చర్మం మీద మిగులుతుంది. ఆ తర్వాత మళ్లీ సబ్బు రుద్దితే ఆ మిగిలినదీ పోతుంది. పండగపూట పిల్లలకు నలుగు పెట్టి, పైన సబ్బు కూడా వేయడం చాలా ఇళ్లలో చూస్తాం. అది మానండి.

కిలో పిండికి కొలతలు ఇవి. పొట్టు పెసలు అరకిలో, పచ్చి శనగపప్పు 200 గ్రాములు, బియ్యం 100 గ్రాములు, మెంతులు 50 గ్రాములు, కస్తూరి పసుపు కొమ్ములు 50 గ్రాములు, వట్టివేళ్లు 25 గ్రాములు, తుంగముస్తలు 25 గ్రాములు, ఎండు గులాబీ రేకులు 50 గ్రాములు. చర్మం పొడిబారే తత్వం ఉన్నవాళ్లు శనగపప్పు తగ్గించి ఆ మేరకు పెసలు పెంచుకోవాలి. ముఖానికి విడిగా చేసుకుంటే బియ్యం వేయొద్దు. ఎంత మెత్తగా పట్టించినా బియ్యంపిండి గరుకు పూర్తిగా పోదు.

ఇవన్నీ రెండు రోజులు గట్టి ఎండలో ఎండాలి. పప్పును పంటి కింద పెడితే టప్పుమని విరగాలి. వట్టివేళ్లతో జాగ్రత్త. వాటిని కత్తెరతో అరంగుళం ముక్కలుగా కత్తిరించి, చేత్తో తుంచితే విరిగేదాకా ఎండబెట్టాలి. పొడవుగా వేస్తే పీచు మిక్సీ బ్లేడుకు చుట్టుకుని మోటారు కాలుతుంది. పసుపు కొమ్ములను ముందు రోట్లో చితక్కొట్టి తర్వాతే మిక్సీలో వేయాలి. మరలో పట్టిస్తే గోధుమలో బియ్యమో పట్టిన వెంటనే పట్టమని అడగండి. మిరపకాయలు పట్టిన గిర్నీలో పోస్తే మొదటి గుప్పెడు పిండిలో కారం దిగుతుంది, ముఖం మండినప్పుడు గానీ ఆ సంగతి తెలియదు. మిక్సీలో పడితే పిండి వేడెక్కి, మూత కింద ఆవిరి పడుతుంది. వెంటనే డబ్బాకెత్తితే ఆ చెమ్మకే ఉండలు కడుతుంది, బూజు పడుతుంది. పాత పంచె మీద పలుచగా పరిచి రెండు గంటలు ఆరనిచ్చి ఎత్తుకోవాలి.

ముఖానికి వాడే పిండిని వస్త్రగాళితం పట్టాల్సిందే. పలుచటి నూలు బట్టను గిన్నెకు బిగించి కట్టి, గుప్పెడేసి పిండి వేసి వేళ్లతో తిప్పితే మెత్తనిది కిందికి దిగుతుంది. పైన మిగిలిన రవ్వ మోచేతులకు, మడమలకు సరిపోతుంది. జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లకు అప్పగించండి. గాజు సీసాలో గాలి చొరకుండా పెడితే మూడు నెలలు బాగుంటుంది. తడిచేయి పెట్టొద్దు. వర్షాకాలంలో పురుగు భయం ఉంటే నెలకు సరిపడా బయట ఉంచి, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

సున్నిపిండి దినుసుల్లో చాలామంది బావంచాలు కలుపుతారు. మా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతున్నాం, వేయకండి. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లికి వైద్యులు సొరాలెన్ ఇచ్చి, లెక్కగా అతినీలలోహిత కాంతి (ఎండలోనూ ఉండేదే) పెడతారు. ఎందుకంటే సొరాలెన్ ఉన్న చర్మానికి ఆ కాంతి తగిలితే రంగు ముదురుతుంది, మోతాదు మించితే బొబ్బలెక్కుతుంది. వైద్యుడు కొలిచి ఇచ్చేదాన్ని గుప్పెడు లెక్కన పిండిలో కలుపుకుని ఎండలోకి వెళ్లడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. పచారీ కొట్లో కట్టిచ్చే సున్నిపిండి దినుసుల పొట్లంలో నల్లగా, చిన్నగా, చిక్కుడు గింజ ఆకారంలో ఘాటు వాసనతో ఉండేవి అవే. ఏరి పక్కన పెట్టండి.

ఇక వాడకం. ముఖానికి ఒక చెంచా పిండి చాలు. రెండు చెంచాల నీళ్లు పోసి కలిపి, రెండు నిమిషాలు నాననివ్వాలి. పిండి నానితే రేణువులు మెత్తబడతాయి, నానకుండా రాస్తే గీరుతాయి. దోసెల పిండి జారుడుగా ఉండాలి. ముఖం తడిపి, వేలి కొనలతో అర నిమిషం మెల్లగా రాసి, తడి ఆరకముందే కడిగేయాలి. పూత ఎండి పగుళ్లు తీసేదాకా కూర్చోవడం అందరూ చేసే పొరపాటు. ఎండే పిండి చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది, దాన్ని గోకి ఊడదీయడంలో చర్మం గీసుకుపోతుంది. ముఖం బిగిసిందనిపించడం పిండి ఎండటం వల్లే, చర్మం బిగుసుకోవడం వల్ల కాదు. ముఖానికి వారానికి రెండుసార్లు, ఒంటికి ఒకసారి సరిపోతుంది. ఒంటికి నలుగు పెట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలేదంతా మురికని సంబరపడతాం. అందులో ఎక్కువ భాగం పిండీ నూనే, కొంత మృతచర్మం. అది రావాలని గట్టిగా రుద్దితే కందిపోతుంది. మొటిమలు చీముతో ఉన్నప్పుడు ఏ పిండీ రుద్దొద్దు.

పసిబిడ్డలకు నలుగు పెట్టి నూగు పోగొట్టాలన్న పట్టుదల ఇప్పటికీ ఉంది. ఆ నూగు కొన్ని నెలల్లో తానే రాలిపోతుంది. పసివాళ్ల చర్మం పలుచన, పిండి రాపిడికి ఇట్టే ఎర్రబడుతుంది. అమ్మమ్మలు, నాయనమ్మలు నొచ్చుకున్నా సరే, ఏడాదిలోపు బిడ్డకు పిండి రాపిడి వద్దు. గజ్జి, తామర లాంటి దురదలతో చర్మం పగిలిన పిల్లలకు బాదం, శనగ, పల్లీ పొడులు అసలే పట్టకూడదు. పగిలిన చర్మం గుండా ఆహార పదార్థం లోపలికి చేరితే ఆ ఆహారం పట్ల అలర్జీ ఏర్పడే అవకాశం ఉంది.

పసుపు సంగతి. వంట పసుపులో కర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. అది నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముఖానికి పట్టిన పసుపు రంగు ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా పోకపోవడానికి కారణం ఇదే. కొబ్బరినూనె చుక్కతో తుడిచి, తర్వాత సున్నిపిండితో కడిగితే పోతుంది. తువ్వాలుకు అంటిన పసుపు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే కర్కుమిన్ రంగు మారుతుంది. మనం పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునేది దీన్నిబట్టే. భయపడక, తడి తువ్వాలును ఎండలో ఆరేస్తే మరక వెలిసిపోతుంది. పిండిలో కలిపేటప్పుడు చెంచా పిండికి చిటికెడుకు మించొద్దు. కస్తూరి పసుపు వేరే మొక్క, దానికి రంగు తక్కువ, కర్పూరం లాంటి వాసన ఉంటుంది. నీళ్లలో తడిపి చేతికి రాస్తే ముదురు పసుపుపచ్చగా అంటుకుంటే అది మీరు అడిగిన కస్తూరి పసుపు కాదన్నమాటే.

కొమ్ములు కొని మీరే కొట్టించుకోవడం మంచిది. పొడి పసుపులో మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ లాంటి రంగులు కల్తీ చేస్తారు. గ్లాసుడు నీళ్లలో చెంచా పసుపు వేసి కదపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుక్కి చేరి, నీళ్లు లేత పసుపుపచ్చగా మిగులుతాయి. కల్తీదైతే నీళ్లు ముదురు పసుపు రంగు పట్టేస్తాయి. మనకు దుగ్గిరాల, నిజామాబాద్ లాంటి పసుపు మార్కెట్లున్నాయి, కొమ్ములు దొరకకపోవడమన్నది లేదు.

నిమ్మకాయ గురించి గట్టిగా చెప్పక తప్పదు, ఎందుకంటే మన ఎండల్లో అది చేసే నష్టం ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ 2కి కాస్త పైన ఉంటుంది. పీహెచ్ లెక్కలో ఒక్క అంకె తేడా అంటే పదింతలు. అంటే 5 దగ్గరుండే చర్మం మీద వందల రెట్లు ఎక్కువ పులుపు పోస్తున్నామన్నమాట. అది ఒక ఎత్తు. నిమ్మ తొక్కలో, రసంలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. బావంచాల సొరాలెన్ ఆ కుటుంబానిదే. రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే వెంటనే ఏమీ కనిపించదు. మర్నాటికి ఎరుపు, మంట మొదలై, రెండు మూడు రోజులకు ముదురుతాయి, కొందరికి నీటి బొబ్బలు లేస్తాయి. అవి మానాక గోధుమ రంగు మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. మనలాంటి చామనఛాయ చర్మాలకు ఆ మచ్చ ఇంకా ముదురుగా పడుతుంది. ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి కారణం నిమ్మకాయేనని చాలామంది పోల్చుకోలేరు, మచ్చ పోవాలని మళ్లీ నిమ్మరసమే రాస్తారు. పిండిలో కలిపినా, తేనెలో కలిపినా, సగం చెక్క మీద పంచదార అద్ది రుద్దినా ఫలితం అదే. వేసవిలో బండి మీద నిమ్మసోడా కలిపేవాళ్లు కూడా చేతులు కడుక్కోకుండా ఎండలో ఉంటే వేళ్ల మీద ఈ మచ్చలు పడతాయి.

వంట సోడాది దీనికి సరిగ్గా ఎదురు తప్పు. దాని పీహెచ్ 8కి పైన. ముక్కు మీద నల్లమచ్చలకని రుద్దితే చర్మం తన పులుపు పొరను కోల్పోతుంది, రెండు మూడు వారాల్లో అంతకుముందు లేని పొడిబారడం, మంట మొదలవుతాయి. వెల్లుల్లి దంచి మొటిమ మీద పెట్టి వదిలేస్తే నిజంగానే కాలిన గాయం అవుతుంది. దాల్చినచెక్క పొడి కూడా మంట పుట్టిస్తుంది, కొందరికి అలర్జీ తెస్తుంది. బంగాళాదుంప రసం, టమాటా ముక్క వల్ల కీడు తక్కువే, మేలూ తక్కువే. కీరదోస చల్లగా ఉంటుంది, కంటి కింద ఉబ్బు కాసేపు తగ్గుతుంది, అంతవరకే.

పెరుగు మంచిది. అందులోని లాక్టిక్ ఆమ్లం తక్కువ మోతాదులో ఉండి మృతచర్మాన్ని మెల్లగా వదిలిస్తుంది, కొవ్వు చర్మాన్ని మెత్తబరుస్తుంది. తాజా కమ్మటి పెరుగు రెండు చెంచాలు, పది నిమిషాలు, చల్లనీళ్లతో కడగడం. పుల్లబడిన పెరుగు బాగా పనిచేస్తుందనుకోవద్దు, మంట పెడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ కూడా వద్దు. మీగడ పగిలిన పెదవులకు, పొడిబారిన చేతులకు బాగుంటుంది గానీ మొటిమలున్న ముఖానికి రాయొద్దు.

తేనె తేమను పట్టి ఉంచుతుంది. తడి ముఖం మీద చెంచాడు తేనె పలుచగా రాసి పదిహేను నిమిషాలుంచి గోరువెచ్చని నీళ్లతో కడిగితే చలికాలంలో చర్మం నునుపుగా అవుతుంది. పొడి ముఖం మీద రాస్తే జిగట పట్టి లాగుతుంది. ఏడాదిలోపు పిల్లల పెదవులకు, బుగ్గలకు తేనె రాయకండి. నాకినా చాలు, బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే అవకాశముంది. తెగిన గాయాల మీద వంటింటి తేనె వేయొద్దు. ఆసుపత్రుల్లో వాడే తేనె శుద్ధి చేసి తెచ్చింది.

దురదకు, చెమటకాయలకు ఓట్స్ చాలా నమ్మకమైన మందు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2003లో మెత్తటి ఓట్స్ పొడిని చర్మాన్ని కాపాడే పదార్థాల జాబితాలో చేర్చింది. మసాలా ఓట్స్ పనికిరావు, ఉప్పూ రుచీ ఏమీ కలపని సాదా ఓట్స్ కావాలి. అరకప్పు మిక్సీలో వేసి మైదాలా మెత్తగా పట్టండి. సరిగ్గా నలిగిందో లేదో చూడటానికి గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి తిప్పితే నీళ్లు పాలలా తెల్లబడి అలాగే నిలవాలి. అడుగున రవ్వ పేరుకుంటే ఇంకో రెండు తిప్పులు తిప్పాలి. నాలుగు పెద్ద చెంచాల పొడిని పలుచటి గుడ్డలో మూటకట్టి, బకెట్ గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పిండాలి. మామూలు స్నానం అయ్యాక ఆ నీళ్లను ఒంటి మీద పోసుకుని, తుడవకుండా తువ్వాలుతో అద్దుకోవాలి. చెమటకాయలకైతే నీళ్లు చల్లగా ఉండాలి. బాత్‌రూమ్ గచ్చు జారుతుంది, పెద్దవాళ్లుంటే వెంటనే కడిగేయండి. సున్నిపిండికీ ఈ జాగ్రత్త అవసరమే. రెండూ ఎక్కువైతే తూము కూడా పూడుకుపోతుంది, జల్లెడ మూత పెట్టుకోండి.

కొబ్బరినూనె కాళ్లకు, చేతులకు, మడమలకు మంచిది. స్నానమయ్యాక మూడు నిమిషాల లోపు, ఒంటి మీద కాస్త తడి ఉండగానే అరచెంచా నూనె రెండు కాళ్లకూ సరిపోతుంది. తడి మీద రాస్తేనే ఆ నీటిని లోపల ఆపుతుంది. ముఖానికి మాత్రం, మొటిమల తత్వం ఉంటే వద్దు, రంధ్రాలు పూడ్చేస్తుంది. ఎండ నుంచి కాపాడుతుందన్న మాట నమ్మొద్దు. ఎండలోకి వెళ్లాలంటే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీనో, గొడుగో, చున్నీయో కావాలి.

కలబంద పెరటిదైనా వంటింట్లోకే చేరుతుంది కాబట్టి ఒక్క మాట. మట్ట కోయగానే మొదలు నుంచి పసుపుపచ్చటి చేదు రసం కారుతుంది, దురద పెట్టేది అదే. మట్టను గ్లాసులో నిలువుగా పదిహేను నిమిషాలు ఉంచి ఆ రసం పోనిచ్చి, తర్వాత చెక్కు తీసి లోపలి గుజ్జు కడిగి వాడాలి. నీళ్లు కలిసినది ఏదైనా, గుజ్జయినా, కలిపిన పిండయినా, బియ్యం కడుగైనా, ఆ పూటకే. ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి దాటించొద్దు. బయట అమ్మేవాటిలో సూక్ష్మజీవులు పెరగకుండా మందు ఉంటుంది, మన గిన్నెలో ఉండదు.

ఏది కొత్తగా మొదలుపెట్టినా ముందు మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత మేర రాసి, ముఖం మీద ఎంతసేపు ఉంచుతారో అంతసేపే ఉంచి కడగండి. మూడు రోజులు వరసగా చేయండి. అలర్జీ రెండో రోజో మూడో రోజో బయటపడుతుంది కాబట్టి ఒక గంట చూసి వదిలేస్తే లాభం లేదు. ఒకసారి ఒక్క సరుకే. ఐదారు కలిపి రాసి దద్దురు వస్తే దేనివల్లో తేలదు. రాసినప్పుడు మంట నిమిషం దాటితే ఓర్చుకోకుండా పది నిమిషాలు ధారగా నీళ్లు పోసి, సాదా వాజెలైన్ పలుచగా రాసి వదిలేయండి. బొబ్బలొచ్చినా, కన్ను వాచినా చర్మవైద్యులకు చూపించాలి, ఏం రాశారో దాచకుండా చెప్పాలి.

పెళ్లిళ్ల కాలం కాబట్టి ఇది కూడా. పెళ్లికూతురికి కొత్త పూత ఏదైనా కనీసం మూడు వారాల ముందే చూసుకోవాలి, ఆఖరి వారంలో కాదు. నలుగు పెట్టే రోజున ముత్తైదువలంతా తలా ఒక చేయి వేస్తారు, వద్దనలేం. వంట పసుపు బదులు కస్తూరి పసుపు, పెసరపిండి కలిపిన ముద్ద ముందే సిద్ధం చేసి పళ్లెంలో పెట్టండి. అంతకుముందే పిల్ల ముఖానికి, మెడకు, చేతులకు పలుచగా నువ్వుల నూనె రాసి ఉంచితే గీసుకోదు, తేలిగ్గా కడుక్కుపోతుంది. ఆ పళ్లెంలో ఎవరైనా నిమ్మచెక్క పెడితే మెల్లగా తీసేయండి.